షేమస్ ఎనిస్ పాటలు ఏరుకున్న దారిలో: డబ్లిన్, నాల్, కార్నా, మిల్టౌన్ మాల్బే

ఐర్లండ్ వెళ్లే మనవాళ్లు సాధారణంగా మోహర్ కొండచరియలు, గిన్నెస్ ఫ్యాక్టరీ, టెంపుల్ బార్ వీధి చూసుకుని వచ్చేస్తారు. నేను వెళ్లింది షేమస్ ఎనిస్ కోసం. ఆయన 1919లో డబ్లిన్‌కు ఉత్తరాన ఫింగ్లస్ దగ్గర జేమ్స్‌టౌన్‌లో పుట్టి, 1982లో నాల్ అనే పల్లెలో కన్నుమూశారు. ఐర్లండ్‌లో ఇల్లెన్ పైపులు అనే తిత్తి వాద్యం వాయించినవాళ్లలో ఆయనది పెద్ద పేరు. దాన్ని మించి నన్ను కట్టిపడేసిన సంగతి, 1942 నుంచి 1947 దాకా జానపద సాహిత్యం సేకరించే ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ ఉద్యోగిగా సైకిలు మీద పల్లెపల్లెకూ తిరిగి దాదాపు రెండు వేల పాటలు, బాణీలు కాగితం మీద పెట్టడం. వారానికి మూడు పౌన్ల జీతం, కలం, కాగితాలు, సైకిలు. ఇవే ఆయన ఆస్తి. బిరుదురాజు రామరాజు గారి లాంటి వాళ్లు ఊళ్లు తిరిగి మన పాటలు సేకరించిన తీరు తెలిసినవాళ్లకు ఈ పని ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

ముందు వీసా సంగతి. షెంగెన్ వీసా ఐర్లండ్‌కు పనికిరాదు, సాధారణంగా విడిగా తీసుకోవాలి. మా తమ్ముడు డబ్లిన్‌లో ఐటీ ఉద్యోగంలో ఉన్నాడు కాబట్టి ఆహ్వాన పత్రం, ఉండే చోటు చూపించడం సులువైంది. అయినా కాగితాలన్నీ సర్దుకోవడానికి చాలా ముందే మొదలుపెట్టండి.

డబ్లిన్‌లో మొదట టెంపుల్ బార్ దగ్గర గది తీసుకున్నాం. దాని పేరు రాయను. నడిబొడ్డున ఉంటుందన్న ఒక్క సుఖం తప్ప ఇంకేం లేదు. తెల్లవారుజాము దాకా వీధిలో కేకలు, కిటికీ మూసినా వినిపించేవి. ఆ చుట్టుపక్కల పబ్బుల్లో సాయంత్రం మైకు పెట్టి పాడేది ఎక్కువగా పర్యాటకులకు తెలిసిన నాలుగైదు పాటలే, పైంటు బీరు పది యూరోల దాకా ఉంటుంది. సంగీతం కోసం వెళ్లేవాళ్లకు అక్కడ రాత్రి గడపమని చెప్పలేను. లిఫీ నదికి అవతల స్మిత్‌ఫీల్డ్‌లో కాబుల్‌స్టోన్ అనే పబ్బు ఉంది. బయట నుంచి చూస్తే పాతగా, మామూలుగా కనిపిస్తుంది. లోపల కిటికీ దగ్గర మూలన వాయిద్యకారులు గుండ్రంగా కూర్చుని వాళ్లలో వాళ్లే వాయించుకుంటారు, మనం చుట్టూ నిలబడి వింటాం. మైకు ఉండదు. 2021లో ఆ చోట హోటల్ కట్టాలని ప్రతిపాదన వస్తే జనం వీధుల్లోకి వచ్చి ఊరేగింపు తీశారు, చివరికి నగర పాలక సంస్థ అనుమతి నిరాకరించింది. పైపర్ల కచేరీలు కూడా ఇక్కడ జరుగుతుంటాయి. మద్యం ముట్టనివాళ్లు నిమ్మకాయ సోడా తీసుకుని కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. పిల్లలతో వెళ్లేవాళ్లు మాత్రం గుర్తుంచుకోండి, రాత్రి తొమ్మిది దాటాక సాధారణంగా వాళ్లను ఉండనివ్వరు. అసలు వాయింపు ఊపందుకునేదేమో ఆ తర్వాతే.

డబ్లిన్‌లో నాకు బాగా నచ్చిన చోట్లు రెండూ జేబు మీద బరువు పడనివి. ఒకటి మెరియన్ స్క్వేర్ 73వ నంబరు ఇంట్లో ఉన్న ఐరిష్ ట్రెడిషనల్ మ్యూజిక్ ఆర్కైవ్. 1987లో మొదలైన సంస్థ, ప్రవేశం ఉచితం. ఏం వినాలనుకుంటున్నామో ముందే మెయిల్ రాస్తే సిద్ధం చేసి పెట్టారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎనిస్ రికార్డింగులు వింటూ కూర్చుంటే మధ్యాహ్నం భోజనం మాట గుర్తుకే రాలేదు. అక్కడి ఉద్యోగి ఒకావిడ నేను అడగకుండానే అదే బాణీని మరో పైపర్ వాయించిన రికార్డింగు కూడా తెచ్చి ఇచ్చింది. రెండూ పక్కపక్కన వింటే తప్ప ఎనిస్ వాయించే తీరు అర్థం కాదు. ఆయన ఒక్కో స్వరాన్నీ తుంచినట్టు విడివిడిగా పలికిస్తారు, మళ్లీ అదే బాణీ రెండో చుట్టులో దాన్ని సాగదీసి పాటలా వినిపిస్తారు.

రెండోది హెన్రియెట్టా వీధి 15వ నంబరు, 1968లో పైపర్లు కలిసి పెట్టుకున్న సంఘం నా పీబరీ ఇల్లెన్ ఉండే భవనం. ఆ సంఘం పుట్టే నాటికి ఇల్లెన్ పైపులు వాయించేవాళ్లు చాలా తగ్గిపోయారు. ఆ కొద్దిమందిలో పెద్దదిక్కుగా నిలిచినవారిలో ఎనిస్ ఒకరు. 2017లో ఈ వాద్య కళకు యునెస్కో గుర్తింపు వచ్చింది. పక్కనే 14వ నంబరు ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఒకప్పుడు ధనవంతుల కోసం కట్టిన ఆ ఒక్క ఇంట్లో 1911 నాటికి వందమంది పేదలు కాపురం ఉన్నారు. ఎలాగూ ఆ వీధికి వెళ్తారు కాబట్టి టికెట్ కొనుక్కుని అదీ చూడండి.

ఈ వాద్యాన్ని దగ్గరగా చూసింది ఆ 15వ నంబరు ఇంట్లోనే. పైపర్ కూర్చునే వాయించాలి. కుడి మోచేతికి చిన్న తిత్తి కట్టుకుని కొలిమి ఊదినట్టు ఊదుతాడు, ఆ గాలి ఎడమ చంకలో ఉన్న తోలు సంచిలోకి వెళ్తుంది. నోటితో ఊదే పనే లేదు, అందుకే వాయిస్తూ మాట్లాడుకోవచ్చు కూడా. మన వీధిభాగవతాల్లో శ్రుతి పట్టే తోలు తిత్తి చూసినవాళ్లకు ఈ మోత వినగానే చుట్టరికం తోస్తుంది. కాకపోతే ఇక్కడ శ్రుతి గొట్టాలు మూడూ ఒకవైపు ఆగకుండా మోగుతుంటే, రెండు స్థాయిల దాకా పలికే ప్రధాన గొట్టం మీద వేళ్లు ఆడతాయి, పైగా మణికట్టుతో మీటలు నొక్కి జతస్వరాలు వేస్తారు. కుడి తొడ మీద తోలు ముక్క ఉంటుంది. గొట్టం చివర దాని మీద ఆనించి గాలి ఆపితే స్వరం టక్కున తెగుతుంది. నాకు చూపించినాయన శ్రుతి సరిచేసుకోవడానికే చాలాసేపు తీసుకున్నాడు. చలికి, తడికి లోపలి రీడ్లు, అంటే గాలికి కంపించి మోగే బద్దలు, మాట వినవట.

ఎనిస్ వాయించిన పైపులకు సొంత చరిత్ర ఉంది. తండ్రి జేమ్స్ ఎనిస్ కూడా పైపరే, వ్యవసాయ శాఖలో ప్రభుత్వోద్యోగి. లండన్‌లో ఆయన కొన్న సెట్టు అది. 19వ శతాబ్దంలో డబ్లిన్‌లోనే కోయిన్ అనే పనివాడు చేసినది. ఎనిస్ దాన్ని లియమ్ ఓఫ్లిన్ అనే శిష్యతుల్యుడికి రాసిచ్చి వెళ్లారు. దాన్ని వాయించిన ఓఫ్లిన్ 2018లో పోయారు.

నాల్‌కు డబ్లిన్ నుంచి రైల్లో బాల్‌బ్రిగన్ దాకా వెళ్లి అక్కణ్ణుంచి టాక్సీ తీసుకున్నాం. బస్సులు తక్కువ, ఒకటి తప్పితే చాలాసేపు నిలబడాలి. ఊరు చిన్నది. నడిమధ్య గడ్డి కప్పు వేసిన ఇంట్లో 2001 నుంచి షేమస్ ఎనిస్ ఆర్ట్స్ సెంటర్ నడుస్తోంది, బయట ఆయన పైపులు వాయిస్తున్న విగ్రహం. అక్కడి కేఫ్‌లో వేడి వేడి సూపు, బ్రౌన్ బ్రెడ్ బాగున్నాయి. శాకాహారులు నిశ్చింతగా తినొచ్చు. కచేరీ ఉన్న రోజు చూసుకుని వెళ్తేనే ప్రయాణం ఫలిస్తుంది. ఉత్తి పగలు వెళ్తే గంటలో అయిపోతుంది. బీబీసీలో 1951 నుంచి 1958 దాకా పనిచేసి, బ్రిటన్ అంతటా పాటలు రికార్డు చేసి, పేరు తెచ్చుకున్న మనిషి చివరి సంవత్సరాలు ఈ ఊళ్లోనే, తాతగారికి చెందిన నేలలో ఒక కారవాన్ ఇంట్లో గడిపారు. దానికి తనకు ఇష్టమైన బాణీ పేరే, ఈస్టర్ స్నో అని పెట్టుకున్నారు. వచ్చిన కుర్రాళ్లకు అక్కడే నేర్పేవారు.

ఇక పడమటి తీరంలోని కార్నా. ఈ యాత్రలో ఒక్క చోటే ఎంచుకోమంటే నేను ఇదే ఎంచుకుంటాను. డబ్లిన్ నుంచి గాల్వేకి రైల్లో రెండున్నర గంటలు, తర్వాత కారు అద్దెకు తీసుకుంటే మేలు. ఎడమ వైపే నడపాలి కాబట్టి మనకు అలవాటైనదే, కాకపోతే దారి చాలా ఇరుకు, రెండు పక్కలా రాతిగోడలు. ఈ ప్రాంతంలో వాడుక భాష ఐరిషే, ఊరి పేర్ల బోర్డులూ ఆ భాషలోనే ఉంటాయి. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, సిగ్నల్ వచ్చిపోతుంటుంది.

కార్నా పక్కన గ్లిన్ష్కె అనే చోట కోలమ్ ఓ కీయాన్ అనే రైతు ఉండేవాడు. ఎనిస్ ఆయన ఒక్కడి దగ్గరే 212 పాటలు, బాణీలు, కథలు రాసుకున్నారు. 212 అంటే ఒక సాయంత్రం, రెండు సాయంత్రాల పని కాదు. రోజులకు రోజులు ఆ ఇంటికి వెళ్లి, పొలం పనిలో చెయ్యి వేసి, కబుర్లు చెప్పి, ఎదుటి మనిషికి పాట గుర్తొచ్చేదాకా ఆగారు. ఎక్కువగా రికార్డు చేసే మెషీన్ లేకుండానే పని. ముందు మాటలు రాసుకుని, తర్వాత బాణీని చెవితో పట్టి స్వరలిపిలో పెట్టేవారు. ఆ విద్య 1938లో చేరిన త్రీ క్యాండిల్స్ ప్రెస్ అనే అచ్చుకూటంలో అబ్బింది. పైగా ఏ జిల్లాకు వెళ్తే ఆ యాసలోనే ఐరిష్ మాట్లాడగలిగేవారు. పాట కన్నా ముందు మనిషిని సంపాదించుకున్నారు. ఆయన సేకరణ అంత నిండుగా ఉండటానికి నాకు కనిపించిన కారణం ఇదే. కార్క్ జిల్లాలో ఎలిజబెత్ క్రోనిన్ అనే పెద్దావిడ, ఆయన వస్తే పాటలు చెప్పడానికే సమయం అయిపోతోందని, తన పాటలు తానే ముందుగా రాసిపెట్టి చేతికిచ్చేసి కబుర్లకు కూర్చునేదట.

మేం దిగిన బీ అండ్ బీ (గది, పొద్దున టిఫిన్ ఇచ్చే బస) ఒక పెద్దావిడ సొంత ఇల్లు. గది చిన్నది, బాత్రూం పాతది, వైఫై నెమ్మది. కానీ దుప్పట్లు వెచ్చగా, పొద్దున టిఫిన్ కడుపునిండా. మాంసం తినమని చెప్తే గుడ్లు, పుట్టగొడుగులు, టమాటాలు వేయించి పెట్టింది. సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, సైకిలు మీద వచ్చే పొడుగాటి మనిషి గురించి వాళ్లమ్మ చెప్పేదంటూ చెప్పుకొచ్చింది. తర్వాత కళ్లు మూసుకుని, ఏ వాద్యమూ లేకుండా ఒక పాట ఎత్తుకుంది. ఫోను తీయబోయిన మా తమ్ముణ్ణి నేనే ఆపాను. ఇక్కడ అడక్కుండా రికార్డు చేయడం పద్ధతి కాదు, పాట మధ్యలో చప్పట్లు కొట్టడమూ అంతే. డబ్లిన్‌లో అంతకు రెట్టింపు డబ్బు పోసి తీసుకున్న గదితో పోలిస్తే ఇక్కడ రెండు రాత్రులు ఎక్కువ ఉండాలనిపించింది.

మిల్టౌన్ మాల్బే క్లేర్ జిల్లాలో సముద్రం దగ్గరి ఊరు. ఎనిస్ స్నేహితుడు, పైపర్ విల్లీ క్లాన్సీ ఊరు. ఆయన 1973 జనవరిలో పోతే అదే ఏడాది ఆయన పేరున వేసవి బడి మొదలైంది. ఇప్పటికీ ఏటా జూలై మొదట్లో జరుగుతుంది. పగలు తరగతులు, ఉపన్యాసాలు. రాత్రయితే ప్రతి పబ్బులోనూ, వంటింట్లోనూ వాయింపే. నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు లేదు. వినడానికి మాత్రమే వెళ్లేవాళ్లు తోపులాటకు సిద్ధపడాలి, నిలబడటానికి కూడా చోటు దొరకని పబ్బులు చూశాను. ఊళ్లో గదులు ఏడాది ముందే అయిపోతాయి. దొరక్కపోతే లహించ్‌లోనో, ఎనిస్ అనే పేరే ఉన్న పట్టణంలోనో దిగి రోజూ కారులో వచ్చిపోవచ్చు. అద్దె కూడా అక్కడ నయం. పెద్దవాళ్లతో వెళ్తే మాత్రం జూలై వదిలేసి మే నెలాఖరులో వెళ్లండి. వాయించేవాళ్లు తక్కువమందే ఉంటారు, కానీ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటే ఆ బాణీ ఎవరి దగ్గర నేర్చుకున్నారో తీరిగ్గా చెప్తారు.