అటల్ టనెల్ దగ్గర కారులోనే తెల్లారింది

మనాలిలో మా హోటల్ మేనేజరు మేము పడుకోని రాత్రికి కూడా 3,400 రూపాయలు కట్టించుకున్నాడు. ఆ రాత్రంతా మేం మనాలి దగ్గరి సోలాంగ్ లోయకి పైన, రోడ్డు మీద, కారులో కూర్చుని ఉన్నాం. "మంచు పడితే మేమేం చేస్తాం సార్" అన్నాడు. నిజమే, మంచు అతను కురిపించలేదు. కానీ ఆ రోజు మంచు గట్టిగా పడొచ్చని వాతావరణ శాఖ ఆరెంజ్ అలర్ట్ ఉందని తెలిసీ "ఏం కాదు, సాయంత్రానికి వచ్చేస్తారు" అని సాగనంపింది అతనే.

వెళ్ళేటప్పుడు హాయిగా వెళ్ళాం. కొండ కింద 9.02 కిలోమీటర్ల అటల్ టనెల్ దాటి, అవతలి ఊరు సిస్సులో ఫొటోలు దిగి బయల్దేరాం. తిరిగి ఇటువైపు దిగుతుంటే మంచు జోరందుకుంది. ముందెక్కడో బండి జారి రోడ్డుకి అడ్డం తిరిగిందట. చీకటి పడేసరికి ముందూ వెనకా బండ్ల బారు.

దిగి నడిచిపోదామన్నారు బావగారు. డ్రైవరు టనెల్ అవతల మంచు ప్రాంతమైన లాహౌల్ మనిషి, ఒప్పుకోలేదు. బండి వదిలితే మీకు దారి కనపడదు, వెతికేవాళ్ళకి మీరు కనపడరు అన్నాడు. గంటకోసారి దిగి సైలెన్సర్ చుట్టూ మంచు తవ్వి, ఆ తర్వాతే ఇంజన్ వేసి, పది నిమిషాలు హీటర్ పెట్టి ఆపేసేవాడు. గాలి కొట్టని వైపు అద్దం వేలెడు దించి ఉంచాడు. చలికి అక్క ఆ అద్దం గురించి పెద్ద గొడవే చేసింది. సైలెన్సర్ మంచుతో మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. రంగుండదు, వాసనుండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీ దగ్గర ఇలాగే మంచులో చిక్కుకుని 20 మందికి పైగా చనిపోయారు.

అద్దె బూట్ల సంగతి చెప్పాలి. కోటూ బూట్లూ కలిపి మనిషికి 300. అవి ఫొటోల కోసమే, చలికి కాదు. గంటలోనే లోపలి స్పాంజి తడిసింది. డ్రైవరు తడి సాక్సులు విప్పించి, పొడివి వేయించి, పాదాల కింద పాత పేపర్లు పరిపించాడు. మేనల్లుడి వేళ్ళు తిమ్మిరెక్కాయని అక్క గట్టిగా రుద్దబోతే ఆపి, చేతులు చంకల్లో పెట్టుకోమన్నాడు. దాహమేసి వాడు మంచు నోట్లో వేసుకుంటే కోప్పడ్డాడు, ఒంట్లో వేడి దాన్ని కరిగించడానికే పోతుందట. స్టీలు సీసాలో మంచు నింపి హీటర్ గాలికి పెట్టి కరిగించి ఇచ్చాడు. బావగారు బ్యాగులోంచి రమ్ము తీశారు. తాగితే వెచ్చగా అనిపిస్తుంది గానీ ఒంటి వేడి బయటికి పోతుందని దాన్నీ లోపల పెట్టించాడు. ఆయన తెల్లారేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

అందరం వణుకుతూనే ఉన్నాం. వణుకుతుంటే పర్వాలేదు, వణుకు ఆగి మాట ముద్దగా వస్తే అప్పుడు చెప్పండి అన్నాడు. ఆ మాటతో నాకు టెన్షన్ ఇంకా పెరిగింది. ఎవరు నిద్రపోయినా లేపి పేరు అడగడం మొదలుపెట్టాను, అందరూ తిట్టారు.

పొద్దున్నే మంచు తీసే మెషీన్ వచ్చింది, పోలీసులు ఒక్కో బండినే కిందికి వదిలారు. మాట్లాడుకున్న 4,000 తప్ప డ్రైవరు రూపాయి ఎక్కువ అడగలేదు. మేమే ఇంకో 2,000 చేతిలో పెట్టాం.

చలికాలం వెళ్ళేవాళ్ళు కారు మోడల్ కాదు, డ్రైవరు ఏ ఊరివాడో అడగండి. ట్యాంకు నింపించాకే ఎక్కండి. ఉన్ని సాక్సులు రెండు జతలు, ఒక దుప్పటి కారులోనే ఉండాలి. అలర్ట్ ఉన్న రోజు పైకి వెళ్ళకుండా మాల్ రోడ్డులో తిరగండి. అక్కడ 450కి తిన్న ట్రౌట్ చేప వేపుడు మాత్రం బ్రహ్మాండం, బావగారు రెండు ప్లేట్లు తిన్నాకే మాట కలిపారు.