కాలాఘోడాలో గ్యాలరీలు: ఏది ముందు, ఏది తర్వాత

ముంబైలో చిత్రాలు చూడటానికి ఒక్కరోజే ఉంటే కాలాఘోడా, దాని చుట్టుపక్కల వీధులు చాలు. అన్నీ నడిచి తిరిగేంత దూరంలోనే ఉంటాయి. చిక్కంతా రోజు ఎంచుకోవడంలోనే. సోమవారం ఎన్‌జీఎంఏకి (నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్) సెలవు. ఆదివారం ప్రైవేటు గ్యాలరీలు చాలావరకు మూసే ఉంటాయి. జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ 11 నుంచి 7 దాకా తెరిచే ఉంటుంది గానీ అక్కడ ప్రదర్శనలు మామూలుగా మంగళవారం మొదలై సోమవారంతో ముగుస్తాయి. మంగళవారం పొద్దున్నే వెళ్తే సగం బొమ్మలు ఇంకా గోడకు ఆనించే ఉండొచ్చు. అందుకే బుధవారం నుంచి శనివారం లోపు పెట్టుకోండి.

హైదరాబాద్ నుంచి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తే తెల్లవారుజామునే సీఎస్ఎంటీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) స్టేషన్లో దిగుతారు. ఒక్కరోజు కోసం కొలాబాలో లాడ్జి దండగ: చిన్న గది, పెద్ద అద్దె. స్టేషన్ రిటైరింగ్ రూమ్‌ను పీఎన్ఆర్‌తో ముందే బుక్ చేసుకుంటే స్నానం, కాస్త కునుకు అయిపోతాయి. సామాను క్లోక్‌రూమ్‌లో పెట్టాలంటే బ్యాగుకు తాళం ఉండాలి, లేకపోతే తీసుకోరు. అక్కడి నుంచి కాలాఘోడా ఒకటిన్నర కిలోమీటరు. ఈ ప్రాంతంలో ఆటోలు తిరగవు, టాక్సీలు ఇంత దగ్గరి బేరానికి మొహం చాటేస్తాయి. నడకే మేలు.

చాలామంది ముందుగా ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయంలోకి వెళ్తారు. 10.15కే తెరుస్తారు కాబట్టి ఆశ పుడుతుంది. కానీ అందులో అడుగుపెడితే మూడు గంటలు హరీ, కాళ్లూ హరీ. ఈ రోజుకు అక్కడ సూక్ష్మచిత్రాల (మినియేచర్ పెయింటింగ్స్) గది ఒక్కటే చూసి బయటపడండి. అక్కడ వెలుతురు తక్కువగా ఉందని విసుక్కోవద్దు. గట్టి వెలుగు పడితే కాగితం మీది రంగులు వెలిసిపోతాయి. రెండు మూడు నిమిషాలు ఆగితే కళ్లు అలవాటు పడతాయి. అద్దం మెరుస్తుంటే ఎదురుగా కాక కాస్త పక్కకు జరిగి చూడండి, చెవి పోగులోని ముత్యం కూడా తెలుస్తుంది.

రోడ్డు దాటితే ఎన్‌జీఎంఏ. పాత కావస్‌జీ జహంగీర్ హాలును లోపల మలిచి 1996లో గ్యాలరీగా తెరిచారు. అర్ధవృత్తాకారపు మెట్లెక్కుతూ గుమ్మటం దాకా వెళ్లాలి, కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లిఫ్టు పనిచేస్తోందో లేదో టికెట్ కౌంటర్లోనే అడగండి. ప్రదర్శన మార్చేటప్పుడు కొన్ని అంతస్తులు మూసేస్తారు. టికెట్ కొనేముందే ఆ సంగతీ కనుక్కోండి.

భోజనం తేలిగ్గా కానివ్వండి. జహంగీర్‌కు ఎదురుగా ఉన్న చేతన హోటల్లో థాలీ బాగుంటుంది, కానీ కడుపునిండా తిని గ్యాలరీకి వెళ్తే కునుకే.

1952లో కట్టిన జహంగీర్‌లోకి ప్రవేశం ఉచితం. చిత్రకారులు వారానికి హాలు అద్దెకు తీసుకుంటారు, చాలాసార్లు వాళ్లే పక్కన కూర్చుని ఉంటారు. కాబట్టి నాణ్యత గదిగదికీ మారుతుంది. ఒక హాల్లో నిలబడిపోతారు, పక్క హాల్లో రెండు నిమిషాలు ఎక్కువే. మొహమాటం లేకుండా ధర అడగండి. పేరు చీటీ పక్కన ఎర్ర చుక్క ఉంటే అది అమ్ముడుపోయినట్టు. ప్రింటు మీద పెన్సిల్‌తో 5/20 అని ఉంటే ఇరవై ప్రతుల్లో అయిదోది. బయట పేవ్‌మెంట్ మీద మీ బొమ్మ గీయించుకునేట్టయితే కూర్చోకముందే బేరం తేల్చుకోండి.

సాయంత్రానికి ప్రైవేటు గ్యాలరీలు: ఫోర్ట్‌లోని ‘కెమోల్డ్ ప్రెస్కాట్ రోడ్’, ఓపికుంటే కొలాబాలోని ‘ఛటర్జీ అండ్ లాల్’. పాత భవనాల పై అంతస్తుల్లో ఉండటంతో కొత్తవాళ్లు కింద బోర్డు కనబడక వెనక్కి తిరుగుతారు. పైకెక్కి బెల్ కొట్టండి, ఎవరైనా చూడొచ్చు. కొనాల్సిన పని లేదు, టికెట్టూ లేదు.

కాన్వాస్ కొంటే జీఎస్టీ కలిపి ధర చెప్పారో లేదో అడిగి బిల్లు తీసుకోండి. రైల్లో తేవాలంటే చట్రం విప్పించి, రంగు ఉన్న వైపు బయటికి వచ్చేలా వెడల్పాటి గొట్టానికి చుట్టించాలి. లోపలికి చుడితే రంగు పొర నలిగి పగుళ్లిస్తుంది. మందంగా నూనె రంగు పూసిన బొమ్మను అసలు చుట్టనివ్వకండి, చట్రంతోనే చెక్క పెట్టెలో పంపమనండి.