విత్తనమా, నారా? వసంతంలో పెరటి మడికి ఏది మేలు?

చలి తగ్గి ఎండ కాస్త చురుక్కుమనేసరికి ఏటా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "విత్తనం నేరుగా మడిలో వేసేయమంటారా, ముందు నారు పోసుకోమంటారా?" ఈసారి ఇంకొంచెం ఎక్కువమందే అడిగారు. ఈ ఏడు నా పెరట్లో నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది కాబట్టి, ఒక్కొక్కరికి చెప్పే బదులు అంతా ఒక్కచోట రాస్తున్నాను. మట్టి గుల్ల చేయడం, ఎరువు కలపడం, ఎండ పడే చోటు చూసుకోవడం మీకు తెలిసినవే. వాటి జోలికి పోను.

అసలు ఎంపికే లేని పంటల్ని ముందు పక్కన పెడదాం. క్యారట్, ముల్లంగి నేరుగానే వేయాలి. మనం తినేది వాటి వేరునే. లేత వయసులో దాని కొస తెగిందంటే అది రెండు పాయలుగా చీలుతుంది, వంకర పోతుంది. బఠాణీ, పాలకూర కూడా నేరుగా వేస్తేనే సుఖం. బంగాళాదుంపకు దుంప ముక్కే విత్తనం. క్యారట్ విషయంలో ఒక్క మాట. మొలక వచ్చేదాకా పైమట్టి ఒక్క పూట కూడా ఆరకూడదు. నేను సాలు మీద తడిపిన గోనెసంచి కప్పి, రోజూ ఎత్తి చూస్తాను, తొలి మొలక కనబడిన రోజే తీసేస్తాను.

మిగిలినవాటి దగ్గరే ప్రశ్న మొదలవుతుంది. టమాటా, వంగ, మిరప ఒక గుంపు. బెండ, బీన్స్ ఇంకో గుంపు. దోస, గుమ్మడి, సొర, బీర లాంటి పాదులు మూడోది.

నారు పోసేవాళ్ళు చెప్పే కారణాలు మీరు వినే ఉంటారు. కాపు ముందుగా వస్తుంది, విత్తనం వృథా కాదు, పిట్టలూ చీమలూ ఎత్తుకుపోవు, కలుపు కన్నా మొక్కే ముందుంటుంది. నేరుగా వేసేవాళ్ళ మాట ఇంకోలా ఉంటుంది. చాకిరీ తక్కువ, వేరుకు దెబ్బ ఉండదు, మొక్క పుట్టిన చోటే పెరిగి గట్టిగా నిలబడుతుంది. రెండు వైపులా ఉన్నది నిజమే. కానీ వసంతంలో ఈ లెక్కలన్నిటికన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. విత్తనం వేసే రోజున నేల ఎంత వెచ్చగా ఉంది? నా దృష్టిలో ఏది మేలో తేల్చేది అదే.

గాలి వేడెక్కినంత తొందరగా నేల వేడెక్కదు. మధ్యాహ్నం చెమట పట్టే రోజున కూడా, పొద్దున్నే మడిలో వేలు గుచ్చి చూస్తే రెండంగుళాల లోతున చల్లగా తగులుతుంది. నీటిని పట్టి ఉంచే బంకమట్టి ఇంకా ఆలస్యం. ఇసుక పాలు ఉన్న నేల, ఎత్తుగా కట్టిన మడి కొంచెం ముందే వేడెక్కుతాయి. మనం చొక్కా మీద తగిలే ఎండను చూసి వసంతం వచ్చిందనుకుంటాం. గింజకు మాత్రం తన చుట్టూ ఉన్న అంగుళం మట్టే లోకం.

ఆ అంగుళంలో ఎంత తేడా ఉంటుందో అంకెల్లో చూడండి. టమాటా గింజ 25 డిగ్రీల సెల్సియస్ ఉన్న నేలలో దాదాపు 6 రోజుల్లో పైకొస్తుంది. అదే 15 డిగ్రీల్లో 14 రోజులు పడుతుంది. 10 డిగ్రీల్లో అయితే 40 రోజులు దాటుతుంది. మిరప ఇంకా నిదానం. 25 డిగ్రీల్లో 8 రోజులకు మొలిచేది, 15 డిగ్రీల్లో 25 రోజులు తీసుకుంటుంది. దోసకు 25 డిగ్రీల్లో 4 రోజులు చాలు, 15లో 13 రోజులు కావాలి. బెండ 30 డిగ్రీల్లో వారానికి మొలిస్తే, 15 డిగ్రీల్లో నాలుగు వారాలు మట్టిలోనే ఉండిపోతుంది. బఠాణీ, ముల్లంగి, పాలకూర దారి వేరు. అవి 5 డిగ్రీల చలిలో కూడా, ఆలస్యంగానైనా, తల ఎత్తుతాయి. అందుకే వాటిని వసంతం మొదట్లోనే వేసేస్తాం.

ఆలస్యమొక్కటే నష్టమైతే ఓపిక పట్టవచ్చు. చల్లటి తడి మట్టిలో గింజ ఊరికే ఆలస్యం కాదు, చచ్చిపోతుంది. ఎండు గింజ మొట్టమొదట నీరు పీల్చుకునే కొన్ని గంటలే దానికి గండం. ఆ నీరు చల్లగా ఉంటే బీన్స్ లాంటి గింజల్లో కణాల పొరలు దెబ్బతింటాయి. లోపలి చక్కెరలు బయటికి కారతాయి, ఆ తీపికి మట్టిలోని బూజులు చేరతాయి.

కిందటేడు నేను చేసిన తప్పు ఇదే. నాలుగు రోజులు ఎండ బాగా కాసిందని తొందరపడి ఒక సాలంతా బీన్స్ వేశాను. పన్నెండు రోజులైనా పైన ఏమీ లేదు. పదమూడో రోజు పుల్లతో ఒక గింజను పైకి తీశాను. పైతోలు అలాగే ఉంది, నొక్కితే లోపల తెల్లటి ముద్ద వేళ్ళకు అంటుకుంది, పులిసిన వాసన. పక్కది తీశాను, అదీ అంతే. సాలు మొత్తం మీద మొలిచినవి మూడే. మూడు వారాలు ఆగి అదే పొట్లంలో మిగిలిన గింజల్ని అదే సాలులో వేశాను. ఆరో రోజు పొద్దున మట్టి నెర్రెలు విచ్చి, వంగిన మెడలు పెంకుల్ని నెట్టుకుంటూ వరసగా లేచాయి. గింజ అదే, మడి అదే, చెయ్యీ అదే. మారింది నేల వేడి.

అప్పటినుంచి నేను తేదీ చూడటం మానేశాను. మట్టిలో గుచ్చే థర్మామీటర్‌ను పొద్దున్నే, అంటే నేల బాగా చల్లబడి ఉండే వేళ, రెండంగుళాల లోతున పెట్టి చూస్తాను. వరసగా నాలుగైదు రోజులు 16 డిగ్రీలు దాటితే బీన్స్ వేస్తాను. పాదులకూ బెండకూ 20 దాటేదాకా ఆగుతాను. ఒక్క రోజు ఎండకు అంకె ఎగబాకితే దాన్ని నమ్మను.

ఇప్పుడు అసలు పోలికకు వద్దాం. నేల వెచ్చబడ్డాక నేరుగా వేసిన గింజకూ ముందే పోసిన నారుకూ మధ్య దూరం మనం అనుకున్నంత ఉండదు. పాదుల్లో అయితే ఆ దూరం చాలాసార్లు మాయమైపోతుంది. నేను దోసను రెండు విధాలా పెట్టి చూశాను. నాలుగు మొక్కలు కుండీల్లో పెంచి, ఐదో ఆకు వచ్చాక నాటాను. అదే రోజు పక్కనే నాలుగు చోట్ల గింజలు వేశాను. నాటిన మొక్కలు చూడటానికి ముచ్చటగానే ఉన్నాయి. కానీ కుండీ లోంచి తీసేటప్పుడే వేర్లు అడుగున గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి, విడదీయబోతే రెండు తెగాయి. ఆ తర్వాత పది రోజులు అవి కదల్లేదు, కింది ఆకులు పసుపెక్కాయి. ఈలోగా గింజ మొక్కలు మొలిచి, ఆకు మీద ఆకు వేసి, నెల తిరిగేసరికి నాటినవాటి పక్కకు పాకాయి. తొలి పిందెకు రెండు వరసలకూ నాలుగు రోజులే తేడా. ఆ నాలుగు రోజుల కోసం నేను మూడు వారాలకు పైగా కుండీలు మోశాను.

పాదుల వేరుకు అదరడం సరిపడదు, తెగితే మళ్ళీ చిగురించడం వాటికి కష్టం. బెండకు నిటారుగా దిగే తల్లివేరుంది, దాన్ని వంచితే మొక్క గిడసబారుతుంది. బీన్స్ ఎలాగూ వారంలో మొలుస్తాయి, వాటికి నారెందుకు? పాదుల్ని నారుగానే పెంచాలనుకునేవాళ్ళు గింజకో కుండీ పెట్టి, రెండో ఆకో మూడో ఆకో రాగానే మట్టిగడ్డ విరగకుండా నాటండి. ఐదో ఆకు దాకా ఆగి నేను చేసిన పని చేయకండి.

టమాటా, వంగ, మిరప దగ్గర మాత్రం నారే మేలు. ఇక్కడ నేను మొహమాటం లేకుండా నారు వైపే ఉంటాను. అవి మొదటి నెల చాలా నిదానంగా పెరుగుతాయి. మిరప మొక్క నెల తిరిగినా వేలెడంత కూడా ఉండదు. అంత చిన్న మొక్కను మడిలో వదిలితే కలుపు కమ్మేస్తుంది, ఒక్క గట్టి వానకే మట్టిలో కూరుకుపోతుంది. అంతకన్నా పెద్ద కారణం అవతల కాచుకుని ఉన్న వేసవి. రాత్రుళ్ళు ఉక్కపోసి, పగలు 35 డిగ్రీలు దాటితే టమాటా పువ్వు కాయ కట్టకుండానే రాలిపోతుంది. అంటే వసంతం ఒక కిటికీ లాంటిది. ఇటువైపు నేల వెచ్చబడినప్పుడు తెరుచుకుంటుంది, అటువైపు వేసవి వేడికి మూసుకుంటుంది. టమాటా నాటాక కాయ కోయడానికే రెండు నెలలకు పైగా కావాలి. గింజ నుంచి మొదలుపెడితే ఆ కిటికీలో పట్టదు. మడి ఇంకా చల్లగా ఉండగానే ఇంట్లో వెచ్చటి మూల ఆరు వారాలు నడిపించి తెచ్చామంటే, నేల సిద్ధమయ్యేసరికి మొక్కా సిద్ధం. మిరపకు ఇంకో రెండు వారాలు ముందే మొదలుపెట్టాలి. మంచు గడ్డకట్టే చోట్ల ఉన్నవాళ్ళు ఆఖరి మంచు పోయే రోజుల నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి, ఎందుకంటే ఈ మూడూ మంచు తగిలితే బతకవు.

ఈ మూడింటి వేర్లు ఓర్పున్నవి. టమాటా అయితే మరీను. కాండాన్ని కింది ఆకుల దాకా మట్టిలో పాతితే, ఆ పాతినంత మేరా కొత్త వేర్లు పుట్టుకొస్తాయి. సన్నగా సాగిపోయిన నారును కాపాడుకోవడానికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.

అయితే నారు చంటిపిల్లతో సమానం. రెండు చోట్ల నేను ఎక్కువ దెబ్బతిన్నాను. ఒకటి నారుకుళ్ళు. సాయంత్రం పచ్చగా నిలబడిన మొక్కలు పొద్దున్నే చాప పరిచినట్టు పడి ఉంటాయి. దగ్గరగా చూస్తే మట్టిని తాకే చోట కాడ నల్లబడి దారంలా సన్నబడి ఉంటుంది. అది వచ్చాక చేయగలిగింది ఏమీ లేదు. ఒత్తుగా పోయకుండా, పైనుంచి నీళ్ళు చల్లకుండా, అడుగున పళ్ళెంలో నీళ్ళు పెట్టి పీల్చుకోనిస్తే చాలావరకు రాదు. పైమట్టి కొంచెం ఆరనిచ్చాకే మళ్ళీ తడపండి. రెండోది ఎండ అలవాటు చేయకపోవడం. కిటికీ దగ్గర పెరిగిన నారును ఒక్కసారిగా మడిలో పెడితే ఆకుల మీద తెల్లటి మచ్చలు పడి కాగితంలా ఎండుతాయి. మొదటి రోజు పొద్దుటి నీరెండలో గంటసేపు, మర్నాడు ఇంకాస్త, అలా వారం పది రోజులు బయటికీ లోపలికీ తిప్పాలి. అంత తీరిక లేనివాళ్ళు నారు జోలికి వెళ్ళకపోవడమే నయం.

కొన్న నారు సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ఒకటో రెండో మొక్కలు కావాలంటే కొనుక్కోండి, తప్పేం లేదు. పొడుగ్గా ఉన్నదాన్నీ, అప్పుడే పువ్వు పట్టినదాన్నీ మాత్రం తీసుకోవద్దు. పొట్టిగా, కాడ లావుగా, ముదురాకుపచ్చగా ఉన్న చిన్న మొక్కే మడిలో తొందరగా తేరుకుంటుంది. నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచి నేలను ముందే వేడెక్కించే పద్ధతి కూడా పనిచేస్తుంది. పెద్ద మడి ఉంటే ప్రయత్నించండి.

మొత్తం పెరడంతటికీ ఒకటే చెప్పమంటే నా మనసు విత్తనం వైపే మొగ్గుతుంది. వెచ్చబడిన నేలలో పడ్డ గింజకు ఎవరూ ఎండ అలవాటు చేయక్కర్లేదు, దాని వేరుకు దిగాల్సిన లోతు అదే తెలుసుకుంటుంది. నేనీసారి టమాటా, వంగ, మిరపలకు మాత్రమే ట్రేలు పెట్టాను. పాదులకూ బెండకూ ఒక్క కుండీ కూడా ఎత్తలేదు.

ఈ ఉదయం థర్మామీటర్ 17 చూపించింది, వరసగా ఇది ఐదో రోజు. బీన్స్ ఒక సాలు వేసి వచ్చాను. బెండ గింజలు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి.