14416: ఎగతాళి పేర్లు పడే పిల్లలకు ఎంతవరకు పనికొస్తుంది?

అనంతపురం బడుల్లో "గిడ్డోడా", "నల్లోడా" అని పిలిపించుకుని మూగబోయిన పిల్లల కోసం టెలీ మానస్, అంటే 14416కు ఫోన్ చేస్తే మనసు బాధలకు సలహా ఇచ్చే సేవ, మంచి మొదటి మెట్టు. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ కేంద్ర ప్రభుత్వ సేవ ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు కౌన్సిలర్ వింటారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు.

అయితే "నా కొడుకును ఏడిపిస్తున్నారు" అని మాత్రమే అంటే సలహా కూడా పైపైనే వస్తుంది. ఫోన్ చేసేముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఏ మాట, ఎవరు, ఎక్కడ, వారంలో ఎన్నిసార్లు, ఆ తర్వాత బిడ్డ ఏం చేశాడు. అన్నం మానేశాడా, బడికి పోనన్నాడా? మళ్లీ చేస్తే వేరేవాళ్లు ఎత్తొచ్చు, అప్పుడూ ఆ కాగితమే ఆదుకుంటుంది. వీలైతే బిడ్డనే మాట్లాడనివ్వండి, పక్క నుంచి అందించకండి.

ఇంట్లో సాధన తప్పదు. "నా పేరుతో పిలువు" అని ఒక్కసారి, గొంతు పెంచకుండా అని, పక్కకు నడవడం. అద్దం ముందు పదిసార్లు చేయించండి. తిరిగి తిడితే ఆట ముదురుతుంది, ఎదుటివాడికి కావలసిందీ అదే. "పట్టించుకోవద్దులే" అని ఊరుకుంటే మాత్రం బిడ్డ ఇక చెప్పడమే మానేస్తాడు.

ఈ నంబరు బడిని నిలదీయదు. హెడ్మాస్టరుకు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు దగ్గరుంచుకోవాలి. ఎస్సీ, ఎస్టీలను కులం పేరుతో నలుగురిలో దూషిస్తే అది నేరం, దానికి 14566 అనే హెల్ప్‌లైన్ నంబరు వేరే ఉంది.