కొలెస్ట్రాల్ మాత్రతో కడుపు పాడైతే: మానడమా, మార్చడమా, తగ్గించడమా?

రెండేళ్ల క్రితం మా నాన్నగారికి గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు. ఇంటికొచ్చిన పది రోజులకే కడుపు ఉబ్బరం, పుల్లటి తేన్పులు, రోజుకు మూడు నాలుగు విరేచనాలు మొదలయ్యాయి. "ఈ కొలెస్ట్రాల్ బిళ్ళ నాకు పడట్లేదమ్మా" అని ఒకసారి అన్నారు. తర్వాత ఆ మాటే ఎత్తలేదు. తగ్గిపోయిందనుకున్నాం. నెల దాటాక మందుల డబ్బా సర్దుతుంటే ఆ క్యాప్సూల్స్ స్ట్రిప్పులు విప్పకుండా కనబడ్డాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. స్టెంట్ వేయించుకున్న మనిషికి స్టాటిన్, అంటే కొలెస్ట్రాల్ తగ్గించే ఆ మందు, మానేయడం చిన్న విషయం కాదు.

అయితే ఏది మేలు అని తేల్చుకునే ముందు, కడుపు పాడుచేస్తున్నది నిజంగా ఆ మందేనా అని చూసుకోవాలి. నాన్నగారి క్యాప్సూల్లో అటోర్వాస్టాటిన్ అనే స్టాటిన్ ఒక్కటే లేదు, రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్ కూడా కలిసి ఉంది. అంటే స్టాటిన్‌తో పాటు ఆయన ఆస్పిరిన్ కూడా మానేసినట్టే. స్టెంట్ వేసిన కొత్తలో అది మరీ ప్రమాదం. పైగా డిశ్చార్జ్ చేసేటప్పుడు షుగర్‌కి మెట్‌ఫార్మిన్ డోసు పెంచారు. కడుపులో మంట పెట్టడం ఆస్పిరిన్‌కి అలవాటు, విరేచనాలు, ఉబ్బరం తేవడం మెట్‌ఫార్మిన్‌కి అలవాటు. స్టాటిన్ వల్ల కూడా అజీర్ణం, వికారం, గ్యాస్, విరేచనాలు, మలబద్ధకం రావచ్చు కానీ అవి ఎక్కువగా తేలికపాటివే, చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. మన ఇళ్లలో మాత్రం నింద అంతా కొలెస్ట్రాల్ బిళ్ళ మీదే పడుతుంది.

భయం కూడా ఒంటి మీద పనిచేస్తుంది. 2020లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు, ఇబ్బందులొచ్చి స్టాటిన్ మానేసిన 60 మందికి ఏడాది పొడవునా కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు మందు లేని ఉత్తి బిళ్ళ ఇచ్చారు. కొన్ని నెలలు ఏమీ ఇవ్వలేదు. స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్తి బిళ్ళతోనూ వచ్చాయి. వాళ్లు అబద్ధం చెప్పారని కాదు, బాధ నిజంగానే ఉంది. దానికి కారణం మాత్రం చాలావరకు మందు కాదు.

ఇక దారుల సంగతి. మనంతట మనం మానేయడం అన్నిటికన్నా చెడ్డది. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) పెరిగితే ఒంట్లో ఏమీ తెలియదు, కడుపు హాయిగా ఉంటుంది, మంచి పని చేశామనిపిస్తుంది. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, కండరాలు విపరీతంగా నొప్పి పెట్టినా, భరించలేని కడుపునొప్పి వచ్చినా, మలం నల్లగా వచ్చినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అంతేగానీ ఉబ్బరానికి, తేన్పులకు మానేయకూడదు.

రెండో దారి స్టాటిన్ మార్చడం. ఒకటి పడనివాళ్లలో చాలామందికి ఇంకొకటి పడుతుంది. అటోర్వాస్టాటిన్ బదులు రోసువాస్టాటిన్ అయితే దాదాపు సగం మిల్లీగ్రాములతోనే అంత పని చేస్తుంది. ఆసియా మూలాలున్నవాళ్లకు 5 మి.గ్రా.తో మొదలుపెట్టమని అమెరికాలో ఆ మందు లేబుల్ మీదే ఉంటుంది. కాబట్టి అక్కడున్న మనవాళ్లు ఆ మాట డాక్టర్ దగ్గర ఎత్తడం మంచిది. రోసువాస్టాటిన్‌తో ఒక జాగ్రత్త ఉంది. గ్యాస్ కోసం తాగే అల్యూమినియం, మెగ్నీషియం సిరప్ దీనితో కలిపి తీసుకుంటే మందు ఒంటికి పట్టేది సగానికి పడిపోతుంది. మాత్ర వేసుకున్నాక కనీసం రెండు గంటలు ఆగి సిరప్ తాగాలి.

నాకు అన్నిటికన్నా నచ్చింది మూడోది: స్టాటిన్ డోసు తగ్గించి ఎజెటిమైబ్ అనే ఇంకో మందు చేర్చడం. స్టాటిన్ కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తే, ఎజెటిమైబ్ చిన్నపేగులో అది రక్తంలోకి ఎక్కకుండా ఆపుతుంది. స్టాటిన్ డోసు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది 6 శాతమే. 10 మి.గ్రా. ఎజెటిమైబ్ చేరిస్తే దాదాపు 20 శాతం తగ్గుతుంది. దక్షిణ కొరియాలో 3,780 మంది గుండె రోగుల మీద మూడేళ్లు చేసిన పరిశోధన 2022లో వచ్చింది. రోసువాస్టాటిన్ 20 వాడినవాళ్లలో 8.2 శాతం మంది పడక మానేయాల్సో తగ్గించాల్సో వచ్చింది. రోసువాస్టాటిన్ 10తో ఎజెటిమైబ్ వాడినవాళ్లలో అది 4.8 శాతమే. గుండెకు రక్షణలో తేడా రాలేదు. ఎజెటిమైబ్ వల్ల కూడా కొందరికి విరేచనాలు అవుతాయి, అది ముందే తెలిసి ఉండాలి.

కొలెస్ట్రాల్‌కే వాడే కొలెస్టిరమైన్ పొడి రక్తంలోకి వెళ్లదు కానీ మలబద్ధకం తెస్తుంది, మిగతా మందులను కూడా పట్టేసుకుంటుంది. కడుపు కోసమే మందు మార్చేవాళ్లకు అది నేను చెప్పను. బెంపిడోయిక్ యాసిడ్ అనే మాత్ర స్టాటిన్ అసలు పడనివాళ్లకు ఉపయోగపడుతుంది, యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. కొలెస్ట్రాల్ తగ్గించే ఇంజెక్షన్లు కడుపుకి సుఖమే, ఖర్చే భారం. మలబద్ధకానికి వాడే ఇసబ్‌గోల్ పొట్టు ఎల్‌డీఎల్‌ని కొంచెం తగ్గిస్తుంది, స్టాటిన్‌కి బదులు కాలేదు.

మేం డాక్టర్‌గారికి దాచకుండా అంతా చెప్పాం. ఆయన కోప్పడలేదు. ఆస్పిరిన్‌ని అదే రోజు మళ్లీ మొదలుపెట్టించి, విడిగా మధ్యాహ్నం భోజనం తర్వాత వేసుకోమన్నారు. మెట్‌ఫార్మిన్‌ని నెమ్మదిగా కరిగే ఎస్ఆర్ రకానికి మార్చారు. రాత్రికి రోసువాస్టాటిన్ 10, ఎజెటిమైబ్ 10 కలిసిన మాత్ర రాశారు. మూడు వారాల్లో విరేచనాలు ఆగాయి. ఆరు వారాలకు చేసిన టెస్టులో ఎల్‌డీఎల్ 53 వచ్చింది. ఆ రిపోర్టు నాన్నగారు మందుల డబ్బాలో, స్ట్రిప్పుల పైనే పెట్టుకున్నారు.