పన్నెండేళ్ల పెట్రోలు లెక్క: గ్రేడు, బ్రాండు, మైలేజీ

పన్నెండేళ్లుగా రెండు కార్లలో పోయించిన ప్రతి ట్యాంకు పెట్రోలునూ నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. మొదటిది 1.2 లీటర్ల సాధారణ ఇంజను కారు, దానికి 91 ఆక్టేన్ చాలని మాన్యువల్‌లో ఉంది. రెండవది టర్బో కారు, అంటే గాలిని ఒత్తి ఇంజనులోకి పంపేది; దానికి 95 వాడాలని పెట్రోలు మూత లోపలివైపే అచ్చువేశారు. ప్రీమియం, అంటే ఆక్టేన్ సంఖ్య ఎక్కువున్న పెట్రోలు, మేలురకం అనే నమ్మకంతోనే నేనూ మొదలుపెట్టాను. మొదటి కారుతోనే ఆ నమ్మకం సడలిపోయింది.

ఆ కారులో నాలుగు నెలలు మామూలు గ్రేడు, నాలుగు నెలలు ప్రీమియం, మళ్ళీ నాలుగు నెలలు మామూలు గ్రేడు వాడి చూశాను. పంపు మొదటిసారి దానంతట అది ఆగగానే చాలించేవాడిని. టైర్లలో గాలి, తిరిగే దారి కూడా మార్చలేదు. మూడు దఫాల్లోనూ మైలేజీ లీటరుకు 16, 17 కిలోమీటర్ల మధ్యనే ఉంది, పికప్‌లో తేడా ఏమీ తెలియలేదు. ఆక్టేన్ సంఖ్య పెట్రోలులోని శక్తికి కొలత కాదు. సిలిండరులో ఒత్తిడికి లోనైన మిశ్రమం, మంట తన దాకా రాకముందే తనంతట తాను భగ్గుమనకుండా ఎంత తట్టుకోగలదో చెప్పే కొలత. ఒత్తిడి తక్కువగా ఉండే ఇంజనుకు ఆ అదనపు ఓర్పుతో పని లేదు.

టర్బో కారు సంగతి వేరు. ఒక దూర ప్రయాణంలో 95 దొరకక రెండు ట్యాంకులు 91 పోయించాను. నిండు బరువుతో ఎత్తు ఎక్కుతుంటే ఇంజనులో గులకరాళ్లు ఆడినట్టు సన్నని చప్పుడు వచ్చింది, ఆ వెంటనే లాగుడు తగ్గింది. మిశ్రమం ముందే భగ్గుమంటే వచ్చే ఆ అదురును నాక్ సెన్సర్ అనే పరికరం పసిగట్టి స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది; ఇంజను దెబ్బతినకుండా కాచుకుంటుంది కానీ బలమూ మైలేజీ కొంత పోతాయి. ఆ రెండు ట్యాంకుల్లో లీటరుకు దాదాపు ఒక కిలోమీటరు తగ్గింది. అన్నట్టు, కొన్ని దేశాల పంపుల మీద ఆక్టేన్‌ను కొలిచే రెండు పరీక్షల సగటును చూపుతారు కనుక అక్కడి 87 మరోచోట 91కి దగ్గరగా ఉంటుంది. సంఖ్య చూసి కంగారు పడనక్కరలేదు.

బ్రాండ్ల విషయంలో నా అభిప్రాయం కాస్త చిక్కుగా ఉంది. వేర్వేరు కంపెనీల మూల ఇంధనం చాలాసార్లు ఒకే డిపో నుంచి వస్తుంది, ట్యాంకరులో నింపేటప్పుడు కలిపే శుభ్రపరిచే రసాయనాల రకమూ మోతాదూ మాత్రం మారతాయి. ఆ తేడా చిన్నది కాదు: అమెరికా వాహనదారుల సంస్థ ఏఏఏ 2016లో ప్రకటించిన పరీక్షలో, మెరుగైన డిటర్జెంటు ప్రమాణానికి సరితూగని పెట్రోళ్లతో ఇంజనులో సగటున 19 రెట్లు ఎక్కువ మసి పేరుకుంది. అయితే ఈ మేలు ఒకటి రెండు ట్యాంకుల్లో కనిపించదు. పైగా నా టర్బో కారులో పెట్రోలు నేరుగా సిలిండరులోకే చిమ్ముతుంది కనుక గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వులను అది కడగదు. మంచి బ్రాండే వాడినా వాటిమీద మసి చేరింది, మెకానిక్ విప్పి శుభ్రం చేయవలసి వచ్చింది.

మైలేజీని గ్రేడు కంటే స్పష్టంగా మార్చింది పెట్రోలులో కలిపే ఇథనాలే. లీటరుకు దానిలోని శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ. 10 శాతం కలిపితే మూడు శాతం దాకా మైలేజీ తగ్గడం నా లెక్కల్లోనూ కనిపించింది. అది తేమను కూడా పీల్చుకుంటుంది. రద్దీ లేని ఒక బంకులో పోయించిన మరునాడే కారు ఆగిపోయింది, ట్యాంకు అడుగున నీరు ఉన్నట్టు తేలింది. అప్పటి నుంచి నిల్వ త్వరగా ఖాళీ అయ్యే రద్దీ బంకులోనే పోయించుకుంటున్నాను.