చలి బేస్‌మెంట్‌లో పులిసే బీరుకు వెచ్చదనం: ఆరు చలికాలాల హీటింగ్ బెల్టు, కంట్రోలర్ అనుభవం

అమెరికాలోని మిన్నెసోటాలో ఉన్న మా ఇంటి బేస్‌మెంట్‌లో డిసెంబరు నుంచి మార్చి దాకా ఉష్ణోగ్రత 12, 13 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. సిమెంటు నేల అంతకన్నా చల్లగా, సాక్సులు లేకుండా నిలబడలేనంతగా ఉంటుంది. అక్కడ నేను ప్రతి చలికాలంలో ఏడెనిమిది విడతలు, విడతకు 19 లీటర్ల చొప్పున, ఇంటి అవసరానికి బీరు కాచుకుంటున్నాను. బీరు పులిసే బకెట్లను వెచ్చగా ఉంచడానికి మొదటి ఏడాది తప్ప మిగతా అన్నేళ్లూ బకెట్ చుట్టూ కట్టే 25 వాట్ల హీటింగ్ బెల్టు ఒకటి, దానికి తోడుగా మరుసటి ఏడాది నుంచి ఇంక్‌బర్డ్ ఐటీసీ-308 అనే ఉష్ణోగ్రత కంట్రోలర్ వాడాను. ఈ సమీక్ష ఆ రెండింటి గురించి.

ముందుగా, అవేవీ లేని మొదటి చలికాలం గురించి చెప్పాలి. కాచిన వర్ట్‌ను, అంటే పులియబెట్టాల్సిన తీపి మాల్టు రసాన్ని, 20 డిగ్రీలకు చల్లార్చి, ఏల్ (వెచ్చగా పులిసే రకం బీరు) ఈస్ట్ వేసి, బకెట్‌కు పాత బొంత చుట్టి వదిలేశాను. రెండో రోజుకల్లా, లోపలి గ్యాసును బయటికి వదిలే ఎయిర్‌లాక్ ఆగకుండా బుడగలు వదలసాగింది. బకెట్‌కు అంటించిన థర్మామీటర్ పట్టీ 18 చూపించింది. గది 13 డిగ్రీల్లో ఉంటే బీరు 18లో ఉంది కదా, ఇక వేడితో పనేముందని అనుకున్నాను. ఆ వేడి గదిది కాదు, చక్కెరను తింటున్న ఈస్ట్‌ది. నాలుగో రోజు ఈస్ట్ నెమ్మదించింది, దానితోపాటే వేడీ తగ్గింది. ఆరో రోజుకు పట్టీ 14కు దిగింది, బుడగలు ఆగిపోయాయి. బీరు సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్‌లో చక్కెర తగ్గేకొద్దీ అంకె దిగుతుంది. దానితో రెండు రోజుల తేడాలో రెండుసార్లు చూస్తే రెండుసార్లూ 1.018 వచ్చింది. అంకె మారలేదు కాబట్టి పులియడం పూర్తయిందనుకుని సీసాల్లో నింపాను. నిజానికి అది 1.012 దాకా దిగాల్సిన బీరు. చలికి ఈస్ట్ పని మధ్యలో వదిలేసి అడుగున మడ్డిగా పేరుకుపోయింది. జూన్‌లో బేస్‌మెంట్ 21 డిగ్రీలకు చేరగానే సీసాల్లోని ఈస్ట్ మేలుకొని మిగిలిన చక్కెర మీద పడింది. ఒక రాత్రి రెండు సీసాలు పేలి, గాజు పెంకులు అవతలి గోడ దాకా ఎగిరాయి. ఆ సమయంలో అక్కడ ఎవరూ లేకపోవడం మా అదృష్టం.

అప్పటి నుంచి నేను గట్టిగా నమ్మేది ఒకటే. చలి గదిలో బీరుకు వేడి ముఖ్యంగా అవసరమయ్యేది మొదటి మూడు రోజుల్లో కాదు, ఆ తరువాత. ఏ పరికరం కొన్నా అది ఈ పనికి వస్తుందా లేదా అన్నదే చూడాలి.

రెండో చలికాలం బెల్టు కొన్నాను. 19 లీటర్ల ద్రవాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 25 వాట్లకు, బయటికి పోయే వేడిని లెక్కలోకి తీసుకోకపోయినా, సుమారు 53 నిమిషాలు పడుతుంది. చూడటానికి చాలా చిన్న వేడి. కానీ కంట్రోలర్ లేకుండా, ప్లగ్ పెట్టేసి ఊరుకుంటే, రెండో రోజున ఈస్ట్ వేడి, బెల్టు వేడి, బొంత మూడూ కలిసి బీరును 27 డిగ్రీలకు చేర్చాయి. అంత వేడిలో పులిసిన ఆ ఈస్ట్ ఫ్యూసెల్ ఆల్కహాళ్లు అనే ఘాటైన ఆల్కహాళ్లను అవసరానికి మించి తయారు చేసింది. ఆ బీరు గ్లాసు ముక్కు దగ్గరికి తెస్తే రంగులు కలిపే థిన్నర్ వాసన వచ్చేది, గొంతులో మంట పుట్టేది. నెలలు నిలవ ఉంచినా ఆ వాసన పోలేదు. అందుకే బెల్టును ఒంటరిగా వాడమని నేను ఎవరికీ చెప్పను.

కంట్రోలర్ వచ్చాక కథ మారింది. ఐటీసీ-308కు రెండు సాకెట్లు ఉంటాయి. ఒకటి వేడికి, రెండోది చల్లదనానికి. తీగ చివర ఉన్న ప్రోబ్ ఉష్ణోగ్రతను కొలుస్తుంది. 19 డిగ్రీలు పెట్టి, వేడి తేడాను 0.5గా పెడితే, 18.5కు దిగినప్పుడు బెల్టు వెలుగుతుంది, 19కి చేరగానే ఆరిపోతుంది. ప్రోబ్‌ను ఐస్ ముక్కలు నిండుగా వేసిన నీళ్లలో ముంచి చూస్తే నాది సున్నాకు బదులు 0.6 చూపించింది. ఆ తేడాను సరిచేసే సెట్టింగ్ అందులోనే ఉంది. కొన్న రోజే ఆ పరీక్ష చేసుకోవడం మంచిది.

ప్రోబ్‌ను ఎక్కడ పెట్టాలన్నది ఇందులో అన్నిటికన్నా కీలకం. మొదట్లో దాన్ని బకెట్ పక్కన గాలిలో వేలాడదీశాను. గాలి చల్లగానే ఉంటుంది కాబట్టి బెల్టు ఆరనే లేదు. ఇప్పుడు ప్రోబ్‌ను బకెట్ గోడకు, బెల్టు కొక్కెం ఉన్న వైపుకు సరిగ్గా ఎదురుగా, బీరు మట్టానికి ఒక జానెడు కిందుగా ఆనించి, దాని మీద గిన్నెలు తోమే స్పాంజిని రెండు మడతలు చేసి పెట్టి, టేపుతో చుట్టూ రెండు వరసలు బిగిస్తున్నాను. స్పాంజి బయటి చలిని ఆపడంతో ప్రోబ్ గోడ వెనక ఉన్న బీరునే చదువుతుంది. బెల్టును అడుగున కాకుండా, బకెట్ ఎత్తులో మూడో వంతు దగ్గర కట్టాలి. మరీ కిందికి కడితే వేడంతా అడుగున పేరుకున్న ఈస్ట్‌కే తగులుతుంది. బకెట్ కింద థర్మోకోల్ పలక వేయకపోతే నేల ఆ వేడిని లాగేసుకుంటుంది.

మూడేళ్ల కిందట ఒక రాత్రి టేపు ఊడి ప్రోబ్ నేల మీద పడింది. కంట్రోలర్‌కు 12 డిగ్రీలు కనిపించి, తెల్లవార్లూ బెల్టును వెలిగించే ఉంచింది. పొద్దున చూస్తే బీరు 24లో ఉంది. అప్పటికి పులియడం చివరికొచ్చింది కాబట్టి రుచి పెద్దగా చెడలేదు. బెల్టు 25 వాట్లదే కావడం ఆ రాత్రి మేలు చేసింది. 100 వాట్ల హీటర్ అయి ఉంటే ఈస్ట్ చచ్చిపోయి ఉండేది. పని ఆలస్యమైనా సరే, చిన్న హీటరే కొనమని నా సలహా.

ఇప్పుడు నా పద్ధతి ఇది. మొదటి మూడు రోజులు 18 డిగ్రీలు. అప్పుడు బెల్టు వెలగడమే అరుదు. నాలుగో రోజు 20కి, ఆరో రోజు 21కి పెంచి, రెండు వారాలు నిండేదాకా అక్కడే ఉంచుతాను. సేఫేల్ యూఎస్-05 అనే ఏల్ ఈస్ట్‌తో 1.050 దగ్గర మొదలైన పేల్ ఏల్ వరసగా విడత తరువాత విడత 1.012, 1.011 దాకా దిగుతోంది. ఆల్కహాల్ 5 శాతం దగ్గర ఉంటుంది. బెల్టు సగం సమయం వెలిగిందనుకున్నా రెండు వారాలకు కరెంటు నాలుగు యూనిట్ల పైచిలుకు మాత్రమే.

లోపాలూ ఉన్నాయి. బెల్టు ప్లాస్టిక్ నాలుగో చలికాలానికి గట్టిపడి కొక్కెం దగ్గర చీలింది, కొత్తది కొన్నాను. కార్బాయ్ అనే పెద్ద గాజు సీసాకు దీన్ని కట్టే ధైర్యం నేను చేయలేదు. ఒకే చోట తగిలే వేడికి గాజు పగలొచ్చు. నీళ్ల తొట్టిలో బకెట్ దింపి అక్వేరియం హీటర్ పెట్టే పద్ధతిని రెండు విడతలకు ప్రయత్నించాను. ఉష్ణోగ్రత నిలకడలో బెల్టు కన్నా అదే మెరుగు. కానీ నీళ్లు ఆవిరవుతుంటాయి, తొట్టి పాచి పడుతుంది, నేల మీద నీళ్లూ కరెంటూ పక్కపక్కన ఉంటాయి. నేను మానేశాను.

చల్లగా పులిసే లాగర్ రకం బీరు కాచేవారికి ఈ చలి వరమే. వాటి ఈస్ట్‌కు 12 డిగ్రీలు చక్కగా సరిపోతాయి కాబట్టి వారం దాటేదాకా బెల్టు అవసరం లేదు. చివర్లో మూడు రోజులు 17కు పెంచితే, బీరులో మిగిలిన వెన్న వాసనను ఈస్ట్ తానే తిరిగి పీల్చుకుంటుంది. కంట్రోలర్ ఖాళీగా ఉన్న వారాల్లో నా భార్య దాన్ని వంటింటికి తీసుకెళ్లి, దోసెల పిండి గిన్నె కింద చిన్న హీటింగ్ మ్యాట్ పెట్టి, కంట్రోలర్‌ను 30 డిగ్రీలకు పెడుతుంది. జనవరిలో కూడా రాత్రి కలిపిన పిండి తెల్లారేసరికి పొంగుతోంది.

గది రాత్రిపూట కూడా 17 డిగ్రీలకు దిగకపోతే ఇవేవీ కొనక్కర్లేదు, మందపాటి బొంత చాలు. గడ్డకట్టే గ్యారేజీలోనైతే 25 వాట్ల బెల్టు ఒక్కటే సరిపోదు. అక్కడ పాత ఫ్రిజ్‌లో బకెట్ పెట్టి, బెల్టును అందులోనే వేడి సాకెట్‌కు, ఫ్రిజ్‌ను చల్లదనం సాకెట్‌కు తగిలిస్తే, అదే కంట్రోలర్ వేసవిలోనూ పనికొస్తుంది.